గొంతుకు ఎన్ని బిట్లు, కాపలాకు ఎన్ని?

మాదాపూర్‌లో ఏదైనా బహుళ అంతస్తుల భవనంలో ఫోను మాట్లాడుతూ నేలమాళిగలోని పార్కింగ్‌లోకి దిగితే కాల్ చాలాసార్లు తెగదు. మాటలూ అర్థమవుతూనే ఉంటాయి. కానీ అవతలి మనిషి గొంతు పలచబడుతుంది. ఊపిరి చప్పుడు, గొంతులోని జీర, నవ్వుతూ మాట్లాడుతున్నారో విసుగుతో మాట్లాడుతున్నారో పట్టిచ్చే చిన్న చిన్న ఆనవాళ్లు మాయమవుతాయి. ర్యాంపు ఎక్కి బయటికి రాగానే గొంతు మళ్లీ నిండుగా వినిపిస్తుంది. సిగ్నల్ తగ్గింది, మళ్లీ వచ్చింది అని సరిపెట్టుకుంటాం. ఆ మధ్యలో జరిగే పని మాత్రం ఎవరి కంటా పడదు. సిగ్నల్ పడిపోవడాన్ని కనిపెట్టి, ఫోనూ టవరూ కూడబలుక్కుని, గొంతుకు ఇచ్చే బిట్లను తెలిసి తెలిసి తగ్గిస్తాయి. అలా మిగిల్చిన బిట్లను ఉన్న మాటకు కాపలాగా పెడతాయి. ఈ ఏర్పాటునే అడాప్టివ్ స్పీచ్ కోడింగ్ అంటారు. ముఖ్యంగా 2జీ జీఎస్ఎం కాల్స్‌లో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. 4జీ, 5జీల్లో దాని రూపం మారింది గానీ అవసరం పోలేదు.

సామాన్యుడికి ఇంత మేలు చేసి, ఇంత తక్కువ మందికి తెలిసిన ఆలోచన వైర్‌లెస్ రంగంలో మరొకటి అరుదు. అయితే మాటను కాపాడటానికి పుట్టిన ఈ ఏర్పాటే, ఒకే టవరులో మరిన్ని కాల్స్ ఇరికించడానికీ పనికొచ్చింది. వినేవారి చెవికి రెండింటి ఫలితమూ ఒకేలా తోస్తుంది. కారణాలు మాత్రం వేరు. వాటిని విడదీసి చూస్తేనే ఈ సాంకేతికతను మెచ్చుకోవాల్సింది ఎక్కడో, నిలదీయాల్సింది ఎక్కడో తెలుస్తుంది.

20 మిల్లీసెకన్లలో పట్టే గొంతు

డిజిటల్ టెలిఫోను మొదటి లెక్క చాలా సూటిగా ఉండేది. గొంతు అలను సెకనుకు 8,000 సార్లు కొలవాలి, ఒక్కో కొలతను 8 బిట్లలో రాయాలి. సెకనుకు 64,000 బిట్లు. 1972లో ప్రమాణంగా వచ్చిన జి.711 పద్ధతి ఇదే. ఎక్స్ఛేంజీల మధ్య తీగల మీద ఇది హాయిగా నడిచింది. గాలిలో అది కుదరదు. జీఎస్ఎంలో ఒక కాల్‌కు దక్కే పూర్తి చానల్ సామర్థ్యమే సెకనుకు 22.8 కిలోబిట్లు. దారిలో చెడిపోయే బిట్లను సరిదిద్దుకోవడానికి అవసరమైన అదనపు బిట్లు కూడా అందులోనే ఇమడాలి. కాబట్టి అలను ఉన్నదున్నట్టు పంపే ఆశ వదులుకోవాల్సిందే.

దారి చూపింది మనిషి గొంతే. మాట పుట్టేటప్పుడు గొంతులోని స్వరతంత్రులు తెరుచుకుంటూ మూసుకుంటూ గాలిని తునకలుగా పైకి పంపుతాయి. గొంతు, నోరు, ముక్కు కలిసిన గొట్టం ఆ తునకలకు రంగు దిద్దుతుంది. నాలుకా పెదవులూ ఎంత వేగంగా కదిలినా 20 మిల్లీసెకన్ల వ్యవధిలో ఆ గొట్టం ఆకారం పెద్దగా మారదు. అందువల్ల అలను పంపే బదులు గొట్టం ఆకారం, స్వరం ఎత్తు, ఈ రెండింటితో లెక్క తేలని మిగులు, వీటి బలం అనే నాలుగు రకాల సమాచారం పంపితే చాలు. అవతలి ఫోను ఆ వివరాలతో గొంతును మళ్లీ తయారు చేసుకుంటుంది.

ఈ దారిలో పెద్ద అడుగులు వేసినవారిలో కాన్పూర్‌లో పుట్టిన బిష్ణు అటల్ ఒకరు. బెల్ ల్యాబ్స్‌లో పనిచేస్తూ, మాన్‌ఫ్రెడ్ ష్రోడర్‌తో కలిసి ఆయన 1985లో సెల్ప్ అనే పద్ధతిని ప్రకటించారు. మిగులుకు సరిపోయే నమూనాను ఒక పట్టికలోంచి వెతికి పట్టుకుని, దాని సంఖ్యను మాత్రం పంపడం అందులోని కిటుకు. ఆనాటి క్రే-1 సూపర్ కంప్యూటర్‌కు ఒక్క సెకను మాటను ఆ పద్ధతిలో కుదించడానికి సుమారు 125 సెకన్లు పట్టింది. తర్వాత కెనడాలోని షెర్‌బ్రూక్ విశ్వవిద్యాలయ బృందం మిగులు సంకేతాన్ని విడివిడి పల్స్‌లతో సూచించే ఏసెల్ప్ రూపాన్ని అభివృద్ధి చేయడంతో ఆ భారం దిగివచ్చి జేబులోని ఫోనుకు అందింది. స్వరతంత్రులు మూసుకునే క్షణాన్ని సంకేతంలో కచ్చితంగా పట్టుకోవడం ఈ రంగంలో ఓ పాత చిక్కు. గచ్చిబౌలిలోని ఐఐఐటీ హైదరాబాద్‌లో పనిచేసిన ఆచార్య బి.యజ్ఞనారాయణ, కె.శ్రీరామమూర్తితో కలిసి 2008లో ప్రచురించిన పద్ధతి దానికి ఎంతో సరళమైన పరిష్కారం చూపింది. గొంతు గొట్టం ప్రభావం దాదాపుగా సోకని సున్నా పౌనఃపున్యం దగ్గర సంకేతాన్ని వడగట్టి ఆ క్షణాలను పట్టుకోవడం దాని కీలకం. స్పీచ్ పరిశోధనలో ఈ నగరానికి దక్కిన గౌరవంలో ఆ పని వాటా పెద్దది.

ఇక అసలు లెక్కకు వద్దాం. గొంతును కుదించి మళ్లీ విప్పే విధానాన్ని కోడెక్ అంటారు. అడాప్టివ్ మల్టీ రేట్, అంటే ఏఎంఆర్ కోడెక్‌ను మొబైల్ ప్రమాణాలు రూపొందించే 3జీపీపీ సంస్థ 1999లో ఆమోదించింది. ఇందులో ఎనిమిది మోడ్‌లు ఉన్నాయి: సెకనుకు 4.75, 5.15, 5.90, 6.70, 7.40, 7.95, 10.2, 12.2 కిలోబిట్లు. అన్నింటిలోనూ ఫ్రేము, అంటే ఒక్కసారి కుదించే మాట ముక్క, నిడివి 20 మిల్లీసెకన్లే. అందులో 160 కొలతలు. దాన్ని మళ్లీ 5 మిల్లీసెకన్ల నాలుగు ముక్కలు చేస్తారు.

పై మోడ్‌ను, కింది మోడ్‌ను పక్కపక్కన పెట్టి చూస్తే ఏది పోతుందో, ఏది నిలుస్తుందో కళ్లకు కడుతుంది. 12.2 మోడ్‌లో ఒక ఫ్రేముకు 244 బిట్లు. గొట్టం ఆకారానికి 38, స్వరం ఎత్తుకు 30, బలాలకు 36, మిగులుకు 140. 4.75 మోడ్‌లో ఫ్రేము మొత్తం 95 బిట్లే. ఆకారానికి 23, స్వరానికి 20, బలాలకు 16, మిగులుకు 36. ఆకారం, స్వరం కొద్దిగా నలిగాయి. పెద్ద దెబ్బ తగిలింది మిగులుకు. 140 నుంచి 36కు పడిపోయింది. 12.2 మోడ్‌లో ప్రతి 5 మిల్లీసెకన్ల ముక్కలో మిగులును 10 పల్స్‌లతో గీస్తే, 4.75 మోడ్‌లో రెండంటే రెండు పల్స్‌లతో సరిపెడతారు.

పార్కింగ్‌లో గొంతు పలచబడటానికి కారణం ఇక్కడే ఉంది. అచ్చులను వేరు చేసేది గొట్టం ఆకారం. ప్రశ్నో జవాబో చెప్పేది స్వరం ఎత్తు. ఆ రెండూ బతికి ఉన్నాయి కాబట్టి మాట అర్థమవుతుంది. ఈ మనిషిది ఈ గొంతే అనిపించే గరుకుదనం, ఊపిరి, ఆప్యాయత ఎక్కువగా మిగులులో ఉంటాయి. కోత పడింది దాని మీదే. ముందు అర్థం, తర్వాత మనిషి అన్న వరస ఇక్కడ పాటించారు. ఇది ఇంజనీర్లు తీసుకున్న విలువల నిర్ణయం. ఆపదలో అంబులెన్సుకు చిరునామా చెప్పేవారి విషయంలో అది నూటికి నూరు పాళ్లూ సరైనదే.

గాజుల పెట్టె

కుదించడం సగం కథ. మిగతా సగం రక్షణ. లాడ్ బజార్ నుంచి గాజులు పంపే వ్యాపారి దగ్గర ఒకే కొలత పెట్టెలు ఉన్నాయనుకుందాం. దారి నున్నగా ఉంటే పెట్టె నిండా గాజులు సర్ది పైన కాస్త గడ్డి కప్పవచ్చు. గతుకుల దారయితే గాజులు తగ్గించి గడ్డి దట్టించాలి. పెట్టె మాత్రం పెరగదు.

జీఎస్ఎం పూర్తి చానల్‌లో ఆ పెట్టె 22.8 కిలోబిట్లు. 12.2 మోడ్‌లో గొంతు పోగా రక్షణకు మిగిలేది 10.6. 4.75 మోడ్‌కు దిగితే రక్షణకు 18.05 కిలోబిట్లు దొరుకుతాయి. గొంతుకు ఇచ్చినదానికి దాదాపు నాలుగింతలు! ఏఎంఆర్ రాకముందు ఈ నిష్పత్తి బిగించినట్టు ఉండేది. తొలి జీఎస్ఎం కోడెక్‌కు 13 కిలోబిట్లు, మిగతాది రక్షణకు. టవరు ఎదురుగా నిలబడినవారికి ఆ రక్షణ దండగ, టవరుకు దూరాన ఉన్నవారికి అది చాలదు. ఒకరికి ఎక్కువ, మరొకరికి తక్కువ అయిన ఆ కొలతను ఎవరికి తగ్గట్టు వారికి మార్చడమే ఏఎంఆర్ సాధించింది.

అన్ని బిట్లకూ ఒకే కాపలా ఉండదన్నది కూడా గమనించాలి. తొలి కోడెక్‌లోనే ఫ్రేములోని 260 బిట్లను మూడు తరగతులు చేశారు. అతి కీలకమైన 50 బిట్లకు దోషాన్ని సరిదిద్దే కోడ్‌తో పాటు దోషాన్ని పసిగట్టే పరీక్ష కూడా ఉంటుంది. తర్వాతి 132 బిట్లకు సరిదిద్దే కోడ్ మాత్రమే. చివరి 78 బిట్లను ఏ రక్షణా లేకుండా పంపేవారు. అవి చెడితే కాస్త గరగర వస్తుంది, అంతే. మొదటి 50లో దోషం తేలితే మాత్రం ఫ్రేమునంతా పక్కన పెట్టి, అంతకుముందు ఫ్రేమునే కాస్త తగ్గించి మళ్లీ వినిపిస్తారు. వరసగా ఫ్రేములు పోతూ ఉంటే ఆ పాత ధ్వని క్రమంగా సన్నగిల్లి, 320 మిల్లీసెకన్లకు పూర్తి నిశ్శబ్దమవుతుంది. సిగ్నల్ బాగాలేనప్పుడు ఒక అక్షరం సాగినట్టు వినిపించి ఆగిపోవడం చాలామందికి అనుభవమే. అది ఈ అతుకు పని ఫలితం.

మోడ్ మార్చమని చెప్పేది ఎవరు? వినే పక్షం. ఫోను తనకు చేరుతున్న సిగ్నల్ ఎంత శుభ్రంగా ఉందో, పక్క సెల్‌ల (పక్క టవర్ల పరిధుల) జోక్యం ఎంత ఉందో అంచనా వేసి, తనకు ఫలానా మోడ్‌లో పంపమని టవరును అడుగుతుంది. టవరు వైపు నుంచి ఫోనుకు ఆజ్ఞే వెళుతుంది. ఈ కబుర్లు గొంతు ఫ్రేములతోనే కలిసి ప్రయాణిస్తాయి. ఒక ఫ్రేములో ఇప్పుడు వాడుతున్న మోడ్, తర్వాతి ఫ్రేములో కావలసిన మోడ్, ఇలా వంతుల వారీగా వెళ్లడం వల్ల 40 మిల్లీసెకన్లకు ఒకసారి మార్పుకు వీలుంటుంది. ఎనిమిది మోడ్‌లూ ఒక కాల్‌లో వాడరు. గరిష్ఠంగా నాలుగింటిని ఎంచుకుని, వాటి మధ్య ఎక్కడ దిగాలో ఎక్కడ ఎక్కాలో హద్దులు పెడతారు. దిగే హద్దు, ఎక్కే హద్దు ఒకటే అయితే గొంతు క్షణక్షణం మారుతూ చెవికి చిరాకు పుట్టిస్తుంది. అందుకే రెండింటి మధ్య కొంత ఎడం ఉంచుతారు. ఈ హద్దులను నిర్ణయించేది ఆపరేటర్. ఈ సంగతి తర్వాత మళ్లీ అవసరమవుతుంది.

నిలబడినవారికే కష్టం

వేగంగా వెళ్లే కారులో మాట ఎక్కువ చెడుతుందని చాలామంది అనుకుంటారు. టవర్లు మారే క్షణాలను పక్కన పెడితే, తరచుగా దీనికి తలకిందులుగా జరుగుతుంది.

నగరంలో రేడియో తరంగం ఒకే దారిలో రాదు. జూబ్లీహిల్స్ రాతిగుట్టలకూ, అమీర్‌పేట భవనాలకూ, మెట్రో పిల్లర్లకూ తగిలి అనేక దారుల్లో చేరుతుంది. ఆ తరంగాలు ఒకచోట కలిసి బలపడతాయి, మరోచోట ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. 900 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం సుమారు 33 సెంటీమీటర్లు. సిగ్నల్ కుంగిన చోట్ల మధ్య దూరం దాదాపు అందులో సగం, అంటే జానెడు కంటే కొంచెం తక్కువ.

అవుటర్ రింగ్ రోడ్డు మీద గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు ఆ దూరాన్ని 6 మిల్లీసెకన్లలో దాటేస్తుంది. జీఎస్ఎంలో ఒక ఫ్రేము బిట్లను ఎనిమిది విడతలుగా, సుమారు 40 మిల్లీసెకన్ల మేర చల్లి పంపుతారు. కుంగిన చోట ఒకటి రెండు విడతలు పోయినా మిగతావి క్షేమంగా చేరతాయి. రక్షణ కోడ్ పోయినవాటిని పూరిస్తుంది. అదే కోఠి సందులో సెకనుకు మీటరు చొప్పున నడిచేవారికి ఆ దూరం దాటడానికి ఆరో వంతు సెకను పడుతుంది. అది ఎనిమిది ఫ్రేముల కాలం. కుంగిన చోట కొన్ని ఫ్రేములు వరసగా దెబ్బతింటాయి. సరిగ్గా ఆ గుంటలోనే నిలబడిపోయిన మనిషికైతే అది దాటేదే కాదు. అటూ ఇటూ అడుగేస్తే మాట మెరుగవడం భ్రమ కాదు, భౌతికశాస్త్రమే. ప్రతి విడతనూ వేరే పౌనఃపున్యం మీద పంపే ఫ్రీక్వెన్సీ హాపింగ్ ఈ ఇబ్బందిని చాలావరకు తగ్గిస్తుంది. ఒక పౌనఃపున్యానికి గుంట అయిన చోటు మరొకదానికి గుంట కాదు.

ఇక్కడ అడాప్టివ్ కోడింగ్ పరిధి కూడా తేటపడుతుంది. కారు వేగంతో వచ్చే కుంగుబాట్లను అది వెంటాడలేదు, వెంటాడకూడదు కూడా. వాటి సంగతి బిట్లను చల్లే పద్ధతి చూసుకుంటుంది. కోడెక్ చూడాల్సింది గుట్ట అవతలికి వెళ్లడం, నేలమాళిగలోకి దిగడం, సాయంత్రం రద్దీతో పక్క సెల్‌ల జోక్యం పెరగడం వంటి నిదానమైన మార్పులను. అందుకే సిగ్నల్ అంచనాను కొంతసేపు సగటు తీసి చూస్తారు. సగటు మరీ పొడవైతే మార్పు ఆలస్యమై కొన్ని మాటలు పోతాయి. మరీ పొట్టిదైతే మోడ్ ఊగిసలాడుతుంది.

నిమజ్జనం రోజు

ఇప్పుడు రెండో ముఖం. జీఎస్ఎంలో ఒక చానల్‌ను ఇద్దరికి పంచే హాఫ్ రేట్ పద్ధతి ఉంది. అప్పుడు ఒక కాల్‌కు దక్కే మొత్తం 11.4 కిలోబిట్లే. ఏఎంఆర్‌లో 7.95, అంతకు దిగువ మోడ్‌లు దీనిలో ఇముడుతాయి. 7.95 మోడ్ అయితే రక్షణకు మిగిలేది 3.45 కిలోబిట్లు. 4.75కు దిగినా 6.65కు మించదు. పూర్తి చానల్‌లో అదే 4.75 మోడ్‌కు 18.05 దక్కుతుందన్నది గుర్తు చేసుకుంటే తేడా ఎంతో అర్థమవుతుంది. అక్కడ గొంతు తగ్గించింది మాటను కాపాడటానికి. ఇక్కడ గొంతు తగ్గించింది పక్కన మరొకరికి చోటివ్వడానికి. చెవికి వినిపించే పలచదనం మాత్రం ఒకటే.

గణేశ్ నిమజ్జనం రోజు హుస్సేన్‌సాగర్ చుట్టూ ఈ రెండు అవసరాలూ ఢీకొంటాయి. ట్యాంక్ బండ్, ఎన్టీఆర్ మార్గ్, ఖైరతాబాద్ కూడలి దగ్గర జనసంద్రం. తప్పిపోయిన పిల్లల కోసం, వెనుకబడిన వృద్ధుల కోసం అందరూ ఒకేసారి ఫోన్లు చేస్తారు. సామర్థ్యం పెంచాలంటే హాఫ్ రేట్ తప్పదు. ఇద్దరిలో ఒకరికి కాల్ అసలు కలవకపోవడం కంటే ఇద్దరికీ పలచని గొంతుతో కలవడం మేలు. ఇందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు.

అయితే అదే చోట డప్పులు, లౌడ్‌స్పీకర్లు, హారన్లు ఉంటాయి. ఈ కోడెక్‌లన్నీ ఒక్క మనిషి గొంతును దృష్టిలో పెట్టుకుని కట్టినవి. డప్పు దరువుకు స్వరతంత్రులు లేవు, నోటి ఆకారం లేదు. కోడెక్ మాత్రం దాన్ని కూడా గొంతులాగే వర్ణించే ప్రయత్నం చేస్తుంది. చేతిలో చాలినన్ని బిట్లు ఉన్నప్పుడు మిగులు భాగం ఆ తేడాను కొంత మోస్తుంది. రెండు పల్స్‌ల దగ్గర మోయలేదు. దరువూ మాటా కలిసి గుడగుడలాడే ధ్వనిగా మారతాయి. తక్కువ మోడ్‌లు నిశ్శబ్దమైన గదిలో బాగానే ఉండి, చప్పుడులో ఎక్కువగా దెబ్బతినడానికి కారణం ఇదే.

దానికి తోడు మరో నష్టం. మాట్లాడుకునే ఇద్దరిలో ఒక్కొక్కరు మాట్లాడేది సగం సమయం కంటే తక్కువే. మాట లేనప్పుడు పంపడం ఆపేసి, అప్పుడప్పుడూ నేపథ్య ధ్వని ఎలా ఉందో చెప్పే చిన్న ఫ్రేము మాత్రం పంపుతారు. ఏఎంఆర్‌లో ఎనిమిది ఫ్రేములకు ఒకటి. అవతలి ఫోను దాని ఆధారంగా తేలికపాటి హోరును తానే పుట్టిస్తుంది. పూర్తి నిశ్శబ్దం వినిపిస్తే కాల్ తెగిందనుకుంటారు మరి. దీనివల్ల బ్యాటరీ ఆదా, పక్కవారికి జోక్యమూ తక్కువ. కానీ మాట ఉందో లేదో తేల్చే యంత్రాంగానికి డప్పుల హోరంతా మాటలాగే తోస్తుంది. దాంతో పంపడం ఆగదు. రద్దీ ఎక్కువై పొదుపు అత్యవసరమైన చోటే పొదుపు కుదరకుండా పోతుంది.

ఆ యంత్రాంగం మరోవైపు కూడా పొరబడగలదు. మెల్లగా మొదలైన మాటను చప్పుడనుకుని మొదటి ముక్కను వదిలేయవచ్చు. తెలుగు అంకెల విషయంలో దీని ప్రభావం చిన్నది కాదు. ఇరవై, అరవై అన్న మాటలను విడదీసేది మొదటి అచ్చు ఒక్కటే. అది దాదాపు నాలుగైదు ఫ్రేముల నిడివి ఉంటుంది. ఆ ఫ్రేములు పోతే వినిపించేది ‘రవై’. బేగంబజార్ టోకు వ్యాపారికి ఫోనులో ఆర్డర్ చెప్పేవారి విషయంలో అది నలభై బస్తాల తేడా. టవరు మారే సమయంలో ఆ మార్పిడి సందేశాల కోసం గొంతు ఫ్రేముల స్థానాన్ని లాక్కున్నప్పుడు కూడా ఇదే ప్రమాదం. ‘రెండు సున్నా, ఇరవై’ అని విడదీసి మళ్లీ చెప్పడం ఇలాంటి చోట ఎంతో తెలివైన పని. మాట్లాడేవారు తమంతట తాము చేర్చుకున్న రక్షణ కోడ్ అది.

సీడీఎంఏ ఫోన్ల దారి కొంత వేరు. క్వాల్‌కామ్ క్యూసెల్ప్, ఆ తర్వాత వచ్చిన ఈవీఆర్‌సీ కోడెక్‌లు సిగ్నల్‌ను కాకుండా మాటనే చూసి రేటు మార్చేవి. అచ్చుల దగ్గర పూర్తి రేటు, నిశ్శబ్దంలో అందులో ఎనిమిదో వంతు. అందరూ ఒకే పౌనఃపున్యం పంచుకునే ఆ పద్ధతిలో ఒకరు తగ్గితే మిగతా అందరికీ జోక్యం తగ్గుతుంది కాబట్టి అది అక్కడ సరిపోయింది. టాటా ఇండికామ్, రిలయన్స్ సీడీఎంఏ ఫోన్లు వాడిన హైదరాబాదీలు విన్నది ఆ కుటుంబం కోడెక్‌లనే.

ప్యాకెట్ల కాలంలో

2016 సెప్టెంబరులో జియో 2జీ, 3జీ ఏవీ లేకుండా, గొంతును 4జీ డేటా ప్యాకెట్లుగా పంపే వోల్టీతోనే సేవలు మొదలుపెట్టాక గొంతు తీరే మారిపోయింది. పాత కోడెక్ సుమారు 300 నుంచి 3,400 హెర్ట్జ్ దాకానే మోసేది. వోల్టీలో వాడే ఏఎంఆర్ వైడ్‌బ్యాండ్ 50 నుంచి 7,000 హెర్ట్జ్ దాకా మోస్తుంది. తెలుగుకు ఇది పెద్ద వరం. ‘స’ పలికేటప్పుడు వచ్చే సన్నని ధ్వని శక్తిలో ఎక్కువ భాగం 4,000 హెర్ట్జ్ పైనే ఉంటుంది. పాత ఫోనులో స, ఫ మధ్య తేడాను చెవి కంటే ఊహే ఎక్కువగా తేల్చేది.

ఇందులో తొమ్మిది మోడ్‌లు, 6.60 నుంచి 23.85 కిలోబిట్ల దాకా. కానీ మోడ్ తగ్గించడంలోని పాత లాభం ఇక్కడ అంతగా లేదు. 12.65 మోడ్‌లో ఒక ఫ్రేము 253 బిట్లు, అంటే సుమారు 32 బైట్లు. దాని మీద అంటించే ఐపీవీ6, యూడీపీ, ఆర్‌టీపీ చిరునామా చీటీలు 60 బైట్లు! సరుకు కంటే చీటీ బరువు. ఆ చీటీలను రేడియో మీద కొద్ది బైట్లకు కుదించే పద్ధతి లేకపోతే వోల్టీ గిట్టుబాటయ్యేది కాదు. కుదించిన తర్వాత కూడా 12.65 నుంచి 6.60కు దిగితే మిగిలేది ప్యాకెట్‌కు 15 బైట్లే. గొంతు నష్టం మాత్రం చాలా ఎక్కువ. పైగా 4జీ రేడియో పొరే సిగ్నల్‌ను బట్టి తన రక్షణను మిల్లీసెకను స్థాయిలో మార్చుకుంటుంది, చెడిన ముక్కను మళ్లీ అడుగుతుంది. గడ్డి దట్టించే పని కోడెక్ చేతి నుంచి చాలావరకు రేడియో చేతికి వెళ్లిపోయింది.

దాని బదులు కొత్త శత్రువు వచ్చింది. ఆలస్యం. ప్యాకెట్ చెడకుండా చేరినా, చేరాల్సిన వేళ దాటితే పారేయాల్సిందే. 2014లో 3జీపీపీ రిలీజ్ 12తో వచ్చిన ఈవీఎస్ కోడెక్ దీనికి ఇచ్చిన జవాబు ఎంతో ముచ్చటగా ఉంటుంది. 13.2 కిలోబిట్ల దగ్గర చానల్ అవేర్ అనే విధానం ఉంది. అందులో మొత్తం రేటు పెరగదు. కీలకమైన ఫ్రేములను గుర్తించి, వాటి సారాన్ని కొన్ని ఫ్రేముల తర్వాత వెళ్లే ప్యాకెట్‌లో రెండోసారి కుక్కి పంపుతారు. అందుకు కావలసిన చోటును ఆ ప్యాకెట్‌లోని గొంతు నుంచే మిగుల్చుతారు. మొదటి ప్యాకెట్ పోయినా వెనకాలే దాని నకలు వస్తుంది. ‘ఇరవై’లోని మొదటి అచ్చును కాపాడే అవకాశం ఇక్కడ నిజంగా ఉంది. ఈవీఎస్ 5.9 నుంచి 128 కిలోబిట్ల దాకా పనిచేస్తుంది, పాత వైడ్‌బ్యాండ్ ఫోన్లతోనూ మాట్లాడగలదు. అయితే రెండు ఫోన్లూ, మధ్యలోని నెట్‌వర్క్‌లూ దాన్ని ఒప్పుకుంటేనే ఆ మేలు దక్కుతుంది. దారిలో ఎక్కడ పాత 64 కిలోబిట్ల లంకె తగిలినా గొంతును విప్పి మళ్లీ కుదించాలి, నాణ్యత అక్కడికి పడిపోతుంది.

ఏది కొలుస్తున్నాం?

నగరంలో కారులో ఫోన్లు, ల్యాప్‌టాప్ పెట్టుకుని వీధి వీధీ తిరుగుతూ డ్రైవ్ టెస్ట్ చేసే ఇంజనీర్లు ఒకప్పుడు ఆర్ఎక్స్‌క్వాల్ అనే అంకెను నమ్ముకునేవారు. 0 మంచిది, 7 చెడ్డది. రక్షణ కోడ్ సరిదిద్దక ముందున్న బిట్ దోషాలను అది చెబుతుంది. ఏఎంఆర్ వచ్చాక ఆ అంకె తప్పుదారి పట్టించడం మొదలైంది. 6 చూపుతున్నా కింది మోడ్‌లో మాట నిక్షేపంగా వినిపించవచ్చు. దాంతో ఎన్ని ఫ్రేములు పారేయాల్సి వచ్చిందన్న లెక్క, విన్నవారి అభిప్రాయాన్ని అంచనా వేసే స్కోరు ముఖ్యమయ్యాయి.

నియంత్రణ సంస్థ ట్రాయ్ చాలాకాలం కాల్ డ్రాప్‌లు 2 శాతం మించరాదని, మంచి స్వర నాణ్యత గల కనెక్షన్లు 95 శాతమైనా ఉండాలని ప్రమాణాలు పెట్టింది. మంచి పనే. కానీ కాల్ ఏ మోడ్‌లో, ఎంతసేపు, ఏ కారణంతో నడిచిందో ఆ అంకెలు చెప్పవు. హద్దులు ఆపరేటర్ చేతిలో ఉన్నాయి కాబట్టి ఈ ప్రశ్న న్యాయమైనది. మామూలు మంగళవారం మధ్యాహ్నం, సిగ్నల్ నిండుగా ఉన్న చోట కూడా కాల్స్ హాఫ్ రేట్‌లో నడుస్తుంటే దానికి కారణం రేడియో కాదు, చాలని పెట్టుబడి. మోడ్‌ల వాడకం లెక్కలు ప్రతి నెట్‌వర్క్‌లోనూ నమోదు చేసుకోవచ్చు. ప్రాంతాల వారీగా వాటిని బయటపెట్టమని అడగడం వినియోగదారు హక్కుగా గుర్తించాలి.

మరో మలుపు ఇప్పటికే వచ్చింది. గూగుల్ 2021లో విడుదల చేసిన లైరా సెకనుకు 3 కిలోబిట్లతోనే సహజంగా వినిపించే గొంతును అందించింది. న్యూరల్ నెట్‌వర్క్ తాను విని నేర్చుకున్న వేల గంటల మాటల జ్ఞాపకంతో ఖాళీలను పూరిస్తుంది. నాణ్యత పరంగా ఇది అబ్బురమే. కానీ ఇందులో కొత్త రకం అపాయం ఉంది. పాత కోడెక్ విఫలమైతే గరగర వచ్చేది, వినేవారు ‘మళ్లీ చెప్పండి’ అనేవారు. న్యూరల్ కోడెక్ విఫలమైతే శుభ్రమైన గొంతుతో తప్పు అక్షరం వినిపించే అవకాశం ఉంది. అడగాలన్న అనుమానమే రాదు.

ఈ అపాయం తెలుగులో ఎక్కడ పొంచి ఉందో ఇంగ్లిష్ పరీక్షలు పట్టుకోలేవు. గడి, గడ్డి అన్న మాటల మధ్య తేడా నాలుకను అంగిలికి ఎంతసేపు ఆనించి ఉంచామన్నదే. కల, కల్ల కూడా అంతే. ఇంగ్లిష్ మాటలో ఈ నిడివికి అర్థాన్ని మార్చే శక్తి లేదు కాబట్టి, ప్రధానంగా ఇంగ్లిష్ మీద నేర్చుకున్న నెట్‌వర్క్ దాన్ని పట్టించుకోకపోవచ్చు. ఒక్క ధ్వనిలో తేడా ఉన్న జంట పదాలను వినిపించి ఏది విన్నారో గుర్తించమనే పరీక్ష ఇంగ్లిష్‌కు దశాబ్దాలుగా ఉంది. తెలుగుకు అలాంటి జంటల పట్టికలో ఒత్తులు, దీర్ఘాలు, వత్తు పలికే ఖ-ఘలు, ల-ళలు, అంకెలు అన్నీ ఉండాలి. నిశ్శబ్దంలోనూ, ట్రాఫిక్ చప్పుడులోనూ, ప్యాకెట్లు పోతున్నప్పుడూ విడివిడిగా పరీక్షించాలి. తెలంగాణ, కోస్తా, రాయలసీమ గొంతులు మూడూ ఉండాలి. గచ్చిబౌలిలో స్పీచ్ పరిశోధకులు, రాయదుర్గం, మాదాపూర్‌లలో చిప్‌లు, నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ రాసే ఇంజనీర్లు కొద్ది కిలోమీటర్ల దూరంలోనే పనిచేస్తున్న నగరం ఇది. ఆ పట్టికను తయారు చేసి, కొత్త కోడెక్ ఏదైనా తెలుగువారి ఫోనుల్లోకి రాకముందే దాని మీద నడిపి, ఫలితాలను అందరికీ అందుబాటులో ఉంచాలి.